ఎవరికైనా తట్టేదే

నానిన బొరుగులను దోసిళ్లతో తీసి నీళ్లు పిండి పళ్లెంలో వేస్తుండగా, మరిది హర్ష వంటింటి గడప దగ్గర నిలబడి, "చెయ్యి తుడుచుకోని ఒక సంతకం పెట్టు వదినా. పదకొండు లోపల నోటరీ దగ్గరికి పోవల్ల" అన్నాడు.

"ఏం సంతకం?" సుధారాణి తల ఎత్తలేదు.

"పేటెంటుదే. పెద్దగా ఏమీ ల్యా, రెండు పేజీలు."

"ఫ్రిజ్జు మీద పెట్టు. అందరూ తిన్నాక చూస్తా."

అందరూ తినడమంటే ఆ ఇంట్లో గంటన్నర పని. అత్త వనజమ్మకు ఉగ్గానిలో మిరపకాయ ముక్కలు ఏరి తీసేయాలి. భర్త సురేంద్రకు బజ్జీలు వాయ వెంట వాయ వేడిగా పడాలి, వాయకూ వాయకూ మధ్య అతను ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు కానీ, పళ్లెం ఖాళీగా రెండు నిమిషాలు ఉంటే మాత్రం "ఏం, అయిపోయినాయా?" అంటాడు. హర్ష కాలేజీకి సెలవు పెట్టి పులివెందుల నుంచి పొద్దున్నే వచ్చాడు కాబట్టి అతనికి చక్కెర లేని కాఫీ వేరుగా కలపాలి. ఇవన్నీ అయ్యి పొయ్యి తుడిచేసరికి సుధారాణి ఉగ్గాని చల్లారి ముద్ద కట్టింది. ఆ ముద్దనే నిలబడి తింటూ ఎడమ చేత్తో కాగితాలు అందుకుంది.

చెన్నైలోని లాయరు ఇంగ్లీషులో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి పంపింది. సుధారాణి తెలుగుది చదివింది. "నేను స్వర్ణకారుల కుటుంబంలో పుట్టి, ఇరవై సంవత్సరాలుగా నగల తయారీ పనిలో అనుభవం ఉన్నదానను. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండే సూక్ష్మమైన గుంటలను గుండె రక్తనాళంలో అమర్చే స్టెంటు మీద చెక్కి, వాటిలో మందు నింపవచ్చుననే ఆలోచన నాకు గానీ, నా వృత్తిలో నాకు తెలిసిన ఎవరికి గానీ తట్టి ఉండేది కాదని ప్రమాణం చేసి చెప్పుచున్నాను."

ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది. చేతిలోని ముద్దను పళ్లెంలోనే వదిలేసింది.

ఆ ఆలోచన ఆమెది.

ఆరేళ్ల కిందట జమ్మలమడుగులో ఆమె తండ్రి నారాయణాచారికి గుండెనొప్పి వచ్చింది. రక్తం నడిచే దారి మూసుకుపోతే, దాన్ని తెరిచి పట్టుకోవడానికి జాలీ గొట్టం లాంటి స్టెంటు ఒకటి పెట్టారు. ఏడాది తిరగకముందే అదే చోట మళ్లీ మూసుకుపోయింది. రెండోసారి ఆస్పత్రిలో డాక్టరు తెర మీద బొమ్మ చూపించి, స్టెంటు మీద మందు ఉంటుందనీ, అది కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటే కండ మళ్లీ పెరగకుండా ఆపుతుందనీ, కొందరిలో అది అనుకున్నట్టు పని చేయదనీ చెప్పాడు. నారాయణాచారి ఆ రెండోసారి ఇంటికి రాలేదు. పనికి వాడే పట్కార్లు, చీరణాలనే సన్న ఉలులు నూనె గుడ్డలో చుట్టి పెట్టి, ఆయన కూర్చునే పీట మీద ఇంకెవరినీ కూర్చోనివ్వకుండా కొన్నాళ్లు ఉంచారు. తర్వాత ఇల్లే అమ్మేశారు.

హర్ష పులివెందుల దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్తాడు. మేనమామ నారాయణాచారి పోయిన తర్వాత అతను స్టెంటు మీద పరిశోధన మొదలుపెట్టాడు. మందును జిగురుతో పూయకుండా లోహం మీదే సన్నటి గుంటలు పెట్టి అందులో నింపాలని అతని ప్రయత్నం. గుంటలు పెట్టగలిగాడు గానీ, నింపిన మందు రెండు రోజుల్లోనే మొత్తం కడుక్కుపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని అన్నతో ఆ మాటే చెప్పుకుంటున్నాడు. సుధారాణి చారు పోస్తూ అంది: "మీనా పెట్టే గుంట మాదిరి తీయి హర్షా. నోరు సన్నం, కడుపు పెద్దది. అప్పుడు రంగే ఊడి రాదు, మందు యాడికి పోతాది?"

మీనా అంటే నగల మీద నింపే రంగు గాజు. దాన్ని పట్టి ఉంచడానికి నారాయణాచారి చీరణాన్ని వాల్చి, గుంట అడుగును పక్కలకు తవ్వేవాడు. ఆయన చూపు మందగించినాక నాలుగేళ్లు ఆ పని చేసింది పద్నాలుగేళ్ల సుధారాణే.

హర్ష ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "గీసి చూపిస్తావా?" అన్నాడు.

గీయడం అక్కడ మొదలైంది. సురేంద్రకు మెయిన్ బజారు వెనక చిన్న డిజైను షాపు ఉంది. నగల షాపుల వాళ్లకు కంప్యూటర్లో గాజులు, హారాలు గీసి, లేజర్ మిషను మీద అచ్చులు కోసి ఇస్తారు. బోర్డు మీద సురేంద్ర పేరు, కంప్యూటర్ ముందు సుధారాణి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, అత్త నిద్రపోయే వేళ, షాపు పని ఆపి ఆమె స్టెంటు గీసేది. పదింతలు పెద్దది చేసి ఇత్తడి గొట్టం మీద కోసి చూసేది. గుంటలు బాగానే ఉన్నాయి గానీ, గొట్టాన్ని సాగదీసినప్పుడు వంపుల దగ్గర చీలిక వచ్చేది. చిన్న గుంటలు పెట్టింది, దూరం దూరంగా పెట్టింది, వరస మార్చింది. పదకొండు నెలల్లో నలభై మూడు బొమ్మలు. ఒకరోజు తన కాలి పట్టీ కొక్కెం తెగితే చేతిలోకి తీసుకొని చూస్తూ కూర్చుంది. కదిలే చోట తండ్రి ఎప్పుడూ మీనా పెట్టేవాడు కాదని అప్పుడు గుర్తొచ్చింది. వంపులన్నిటినీ వట్టిగా వదిలేసి, నిలువు తీగల మీదే గుంటలు పెట్టింది. సాగదీస్తే చీలలేదు. ఆ సంగతి చెప్పడానికి భర్తకు ఫోను చేస్తే, "సరేలే, ఆ కాసులపేరు డిజైను అయిందా? సేటు రెండుసార్లు ఫోన్ చేసినాడు" అన్నాడు.

పేటెంటు దరఖాస్తులో కనిపెట్టినవారి పేర్లు రెండు వేశారు. ఒకటి హర్షది. రెండోది సురేంద్రది, మిషను అతని పేరు మీద ఉంది కాబట్టి. అప్పుడు ఆమె అడగలేదని కాదు. బట్టలు మడత పెడుతూ, ఏదో ధర అడిగినట్టు, "నా పేరు వేయల్యా?" అని అడిగింది. "నా పేరు వేరే, నీ పేరు వేరేనా?" అన్నాడు సురేంద్ర నవ్వుతూ. ఆ నవ్వులో చెడు లేదు, అదే ఆమెకు కష్టమైంది. చెడు ఉంటే కోపగించుకోవచ్చు. ఇంత ప్రేమగా తీసేసుకున్నదాన్ని ఏ మాటతో వెనక్కి అడగాలో తెలియక మడత పెట్టిన బట్టలు బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత చాలా మాటలు అట్లాగే బీరువాలోకి పోయాయి. "సుధ ఊరికే కూచోదు, ఏదో ఒకటి గీస్తా ఉంటాది" అని అత్త చుట్టాలతో చెప్పిన మాట. "వదిన చేతి సంగటి, వదిన చేతి గీత రెండూ బాగుంటాయి" అని హర్ష తన కాలేజీ వాళ్లతో అన్న మాట. ఇంటర్ చదువుతున్న కూతురు కడప హాస్టల్ నుంచి ఫోను చేసి, "ఫారంలో మదర్ ఆక్యుపేషన్ హౌస్ వైఫ్ అని రాసినా మ్మా, సరేనా?" అని అడిగితే తనే "సరే" అన్న మాట.

ఇప్పుడు బొంబాయిలోని ఒక స్టెంట్ల కంపెనీ ఆ దరఖాస్తుకు అడ్డం పడింది. ఇందులో కొత్త ఏమీ లేదు, గుంటల్లో మందు నింపడం పాతదే, నోరు ఇరుకు గుంట ఏ స్వర్ణకారుడికైనా తెలిసిందే, రెండూ కలపడం పని తెలిసిన మామూలు మనిషి ఎవరికైనా తట్టేదే, కాబట్టి పేటెంటు ఇవ్వకూడదని వాళ్ల వాదన. దానికి జవాబుగా, బంగారు పని తెలిసిన మనిషి ఒకరు "మాకు తట్టదు" అని ప్రమాణపత్రం ఇస్తే బలంగా ఉంటుందని లాయరు భార్గవి హర్షకు చెప్పింది. హర్షకు తెలిసిన బంగారు పని మనిషి ఇంట్లోనే ఉంది.

సుధారాణి చెయ్యి కడుక్కొని కాగితాలతో హాల్లోకి వచ్చింది.

"ఇది నేను పెట్టలేను" అంది.

సురేంద్ర ఫోన్లోంచి తల ఎత్తాడు. "ఏమిటికి?"

"ఇందులో రాసింది నిజం కాదు బావా. నాకు తట్టలేదని రాసినారు."

"అట్లా కాదు వదినా" అన్నాడు హర్ష. "అది లాయర్ల భాష. బంగారు పని వాళ్లకు మామూలుగా తట్టదు అని చెప్పేదానికి."

"నేను బంగారు పని మనిషినే కదప్పా. నాకే తట్టింది."

హర్ష ఓపికగా, క్లాసులో వెనక బెంచీకి చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు చెప్పింది మీనా గుంట సంగతి. కాదనను. అయితే అది మన ఇండ్లల్లో తాతల నాటి నుంచి ఉండేదే. నువ్వు చెప్పకున్నా ఎప్పుడో ఒకప్పుడు తెలిసేది. ఎవరికైనా తట్టేదే కదా."

"బొంబాయి వాళ్లు కూడా ఆ మాటే అంటాండారు హర్షా. మల్లా వాళ్లతో ఏమిటికి కొట్లాడతాండావు?"

హర్ష ముఖం ఎర్రబడింది. అతను తెలివిగలవాడు, మాట ఎక్కడ తగిలిందో అతనికి వెంటనే తెలిసింది. సురేంద్రకు తెలియలేదో, తెలిసీ తెలియనట్టు ఉన్నాడో, "శానా నేర్చినావు మాట్లాడేది" అని లేచాడు. "వాని అయిదేండ్ల కష్టం పోతాంది ఆడ. ఒక సంతకానికి రచ్చ చేయొద్దు. అరగంటలో తయారు కా."

సుధారాణి వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి. గిన్నె అడుగున అంటిన పోపు గీకుతూ ఆమె ఆలోచించింది: పెట్టేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. సాయంత్రం అందరూ కాఫీ తాగుతారు. స్టెంటు తయారవుతుంది, ఎవరో ఒకరి తండ్రి రెండోసారి ఆస్పత్రికి పోకుండా ఉంటాడు. అది జరగాలనే కదా తనూ గీసింది. పేరు లేకుండా ఇన్నాళ్లు ఉండలేదా? ఉంది. కానీ ఇన్నాళ్లూ ఎవరూ ఆమె పేరు రాయలేదు, అంతే. ఈ కాగితం మొదటిసారిగా ఆమె పేరు పూర్తిగా, తండ్రి పేరుతో సహా రాసి, దాని కింద ఈమెకు ఇది చేతకాదు అని ఆమెతోనే చెప్పిస్తోంది.

వనజమ్మ మంచినీళ్ల వంకతో లోపలికి వచ్చి, గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె సుధారాణికి అత్తే కాదు, మేనత్త కూడా, నారాయణాచారికి అక్క.

"పెట్టేయ్ మ్మే" అంది. "ఇంట్లో గొడవలేల?"

సుధారాణి ఇంకో గిన్నె అందుకుంది.

వనజమ్మ నీళ్లు తాగి, చెంబు పెట్టకుండా చేతిలోనే పట్టుకొని నిలబడింది. తనలో తను అనుకుంటున్నట్టు అంది: "జమ్మలమడుగులో మీ నాయన కంటే ముందు గుంటలు తీసింది నేను. మా నాయన నాకే నేర్పినాడు, నా చెయ్యి వణకదని. మైదుకూరు నుంచి ఒక పెండ్లి వడ్డాణం వస్తే నెలనాళ్లు నేనే తవ్వితి. వాళ్లు వచ్చి చూసి మీ నాయనకు కొత్త పంచె పెట్టిరి. వానికి అప్పుడు పన్నెండేండ్లు. పంచె కట్టుకోని వీధంతా తిరిగినాడు. నేను నవ్వినా. నాకు నవ్వే వచ్చింది అప్పుడు."

"నువ్వెప్పుడూ చెప్పల్యా అత్తా."

"ఎవరడిగినారు?" వనజమ్మ చెంబు బోర్లించింది. "నన్ను ఎవరూ అడగల్యా. నిన్ను ఆ కాగితం అడుగుతాంది. ఏం జెప్తావో నీ ఇష్టం, నన్ను మధ్యలోకి తేవద్దు."

కోర్టు దగ్గర నోటరీ వలి బాషా గది చిన్నది. ముందు ఇద్దరు ఉంటే సురేంద్ర, సుధారాణి బయట బెంచీ మీద కూర్చున్నారు. హర్ష కారు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. వాళ్ల వంతు వచ్చాక వలి బాషా కళ్లద్దాలు పైకి నెట్టి కాగితం అటూ ఇటూ తిప్పి, రోజూ వందమందిని అడిగే మాటే ఆమెనూ అడిగాడు.

"చదువుకున్నారా అమ్మా? ఇందులో ఉండేది మీ మాటేనా?"

"చదివినా సార్. నా మాట కాదు."

వలి బాషా సీలు ఎత్తబోయిన చెయ్యి ఆపాడు. సురేంద్ర గొంతు తగ్గించి, "సుధా" అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ పిలుపులో ఎన్ని రకాలున్నాయో ఆమెకు తెలుసు. ఇది ఇంటికి పోయాక చూసుకుందాం అనే రకం.

"మీ మాట కాకపోతే నేను సీలు వేయలేనమ్మా" అన్నాడు వలి బాషా. "ఇది ప్రమాణం. రేపు తప్పని తేలితే మీరే ఇరుక్కుంటారు. మార్పు ఉంటే కొట్టేసి పైన రాయండి, పక్కన పొడి సంతకం పెట్టండి. ల్యాకుంటే తీసుకపోండి."

ఆమె పెన్ను తీసుకుంది. 'నాకు గానీ, నా వృత్తిలో నాకు తెలిసిన ఎవరికి గానీ తట్టి ఉండేది కాదని' అన్న వరస మీద ఒకే గీత గీసింది. పైనున్న ఖాళీలో, నగ వెనక అచ్చు కొట్టినంత చిన్న అక్షరాలతో రాసింది: 'ఈ ఆలోచన నాకు తట్టింది. నలభై మూడు బొమ్మలు గీసిన తర్వాత ఈ రూపానికి తెచ్చింది నేను. ఆ బొమ్మలు తేదీలతో సహా నా కంప్యూటర్లో ఉన్నాయి.' పక్కన పొడి సంతకం, కింద పూర్తి సంతకం పెట్టింది. వలి బాషా చదివి, సురేంద్ర వైపు ఒకసారి చూసి, సీలు వేశాడు.

ఇంటికి వచ్చాక హర్ష కాగితం ఫొటో తీసి లాయరుకు పంపాడు. పది నిమిషాల్లో భార్గవి ఫోను చేసింది. హర్ష స్పీకరులో పెట్టాడు.

"సుధారాణి గారూ, మీరు రాసింది నిజమేనా?"

"నిజమే మేడం."

"హర్ష గారూ?"

హర్ష ఫోను వైపే చూస్తూ "నిజమే" అన్నాడు.

భార్గవి నిట్టూర్చింది. "ఈ మాట నాకు మొదటి రోజే చెప్పాల్సింది. నిజం తెలిశాక నేను పాత కాగితం దాఖలు చేయలేను. ఆవిడ పేరు కనిపెట్టినవారిలో చేర్చడానికి ఒక ఫారం ఉంది, పేటెంటు ఇచ్చేలోపే వేయాలి. మీ ముగ్గురి సంతకాలు కావాలి. ఇంకో సంగతి కూడా చెప్తున్నా. ఆవిడ పేరు వేస్తే అవతలి వాళ్లు వదలరు. చూశారా, బంగారు పని ఆవిడకే తట్టింది, మేం చెప్పింది అదే కదా అంటారు. దరఖాస్తు పోయినా పోవచ్చు."

ఫోను పెట్టేశాక సురేంద్ర అన్నాడు: "ఇన్నావా? నీ పేరు కోసం అంతా పోగొడతావు."

అది ఆమెకూ భయమే. పోతే ఈ ఇంట్లో ఆ మాట తను చచ్చేదాకా వినాలి. పోకపోయినా వినాలి. "నేను రాసింది తీయను బావా" అంది మెల్లగా. "ఫారం మీద పెట్టేది, పెట్టంది మీ ఇష్టం."

హర్ష ఆ రోజు అన్నం తినకుండానే పులివెందులకు వెళ్లిపోయాడు. రెండు రోజులు ఫోను లేదు. మూడో రోజు మధ్యాహ్నం షాపుకే వచ్చాడు. సుధారాణి ఏదో లాకెట్టు గీస్తోంది. పక్కన స్టూలు లాక్కొని కూర్చొని, సంతకం పెట్టిన ఫారం కంప్యూటర్ బల్ల మీద ఉంచాడు.

"కాలేజీలో అందరూ నాదే అనుకున్నారు వదినా" అన్నాడు. "నేను కాదనల్యా. అట్లనే చెప్తా చెప్తా నేను కూడా నాదే అనుకున్నా. ఆ వంపుల సంగతి ఎట్లా వచ్చిందని మొన్న లాయరు అడిగితే నా దగ్గర జవాబు ల్యా. అప్పుడు గూడా నాకు తెలియల్యా, నాది కాదని."

"మీ అన్న పెట్టినాడా?"

"పెట్టినాడు. నేను అడిగితే పెట్టినాడు."

అప్పట్లో తను అడిగితే పేరే వేయలేదు, అనుకుంది ఆమె. ఫారం తీసుకొని తనూ సంతకం చేసింది. దానితో పాటు, ఆ ఆలోచన ఎట్లా వచ్చిందో చారు పోస్తూ చెప్పిన మాటతో సహా లాయరుకు రాసి పంపారు.

విచారణ తర్వాతి నెలలో జరిగింది. అధికారి చెన్నైలో, కంపెనీ లాయరు బొంబాయిలో, పులివెందుల కాలేజీలో హర్ష గదిలో తెర ముందు సుధారాణి, హర్ష. భార్గవి తెర మీదే ఇంకో గడిలో కనిపిస్తోంది. గంటసేపు వాదనలు ఇంగ్లీషులోనే నడిచాయి. సుధారాణికి సగం అర్థమైంది, అర్థమైనంతలో తన పేరు పదిసార్లు వినిపించింది. చివర్లో కంపెనీ లాయరు ప్రమాణపత్రం ఇచ్చిన ఆవిడను ఒక్క ప్రశ్న అడగనివ్వమన్నాడు. అధికారి ఒప్పుకొని, జవాబు తెలుగులో చెప్పవచ్చన్నాడు.

లాయరు మర్యాదగా నవ్వి అడిగాడు, భార్గవి దాన్ని తెలుగులో చెప్పింది. "మేడం, అన్నం వడ్డిస్తూ ఈ సలహా ఇచ్చారని మీ కాగితాల్లోనే ఉంది. అంటే, ఇంటి పని చేసుకుంటూ చెప్పేంత సులువుగా మీకు తట్టిందన్నమాట. అవునా?"

అవునన్నా చిక్కే, కాదన్నా నమ్మరు. హర్ష బల్ల కింద చేతులు నలుపుకుంటున్నాడు. సుధారాణి తెర వైపు చూసింది. ఆమెకు అంత దూరం నుంచి ఆ మనిషి ముఖం కొత్తగా అనిపించలేదు, అట్లాంటి నవ్వు ఇంట్లో చూసిందే.

"నేను వడ్డిస్తా చెప్పినా కాబట్టి తినేవాళ్లకు సులువుగా వినపడింది సార్" అంది. "నాకు సులువుగా రాల్యా. గుంట తవ్వేది నాలుగేండ్లు నేర్చుకున్నా. మా నాయన స్టెంటు మూసుకపోతే ఆస్పత్రిలో పదహారు రోజులు కూచోని ఏమిటికి మూసుకపోయిందా అని ఆలోచన చేసినా. గుంటలు పెడితే వంపుల్లో చీలె. నలభై రెండు బొమ్మల దాకా చీలిందే చీలె. ఆ వంపులు వట్టిగా వదలాలని నాకు పదకొండు నెలలు తట్టల్యా. మీరు ముందు పెట్టిన పాత కాగితాల్లో యాడా ఆ మాట ల్యాదని మా లాయరమ్మ చెప్పింది. తేలికైందే అయితే మీ కంపెనీలో ఇంతమంది చదువుకున్నోళ్లు ఉండారు కదా, ఒకరన్నా చేసుండల్ల."

భార్గవి దాన్ని ఇంగ్లీషులోకి చెప్పింది. మొదటి వాక్యం దగ్గర ఒక క్షణం ఆగి, సరైన మాట వెతుక్కొని మరీ చెప్పింది. అధికారి తల వంచుకొని ఏదో రాసుకున్నాడు. బొంబాయి లాయరు ఇక ప్రశ్నలు లేవన్నాడు.

రెండున్నర నెలలకు ఉత్తర్వు వచ్చింది. అడిగినదంతా ఇవ్వలేదు. నోరు ఇరుకు గుంటలు అన్న వాదన ఒక్కటే అయితే చెల్లదనీ, వంపులను వట్టిగా వదిలి నిలువు తీగల మీద మాత్రమే ఆ గుంటలు పెట్టే పద్ధతి తేలిగ్గా తట్టేది కాదనీ రాసి, అంతవరకు పేటెంటు ఇచ్చారు. కనిపెట్టినవారి పేర్లలో మూడోది ఆమెది.

ఆ సాయంత్రం హర్ష స్వీట్లు తెచ్చాడు. సురేంద్ర ఒకటి తిని, "ఇప్పుడు సంతోషమేనా?" అని అడిగాడు. అడగడంలో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. సుధారాణి ఆలోచించి, "తెలియదు బావా. అలసటగా ఉంది" అంది. వనజమ్మ ఉత్తర్వు కాగితం అడిగి తీసుకొని, ఇంగ్లీషు రాకపోయినా మూడు పేర్లున్న చోట వేలు పెట్టించుకొని చాలాసేపు చూసింది. మడిచి ఇచ్చేసింది.

ఇంకో నెలకు హర్ష కొత్త సంగతితో వచ్చాడు. కాళ్లలోని రక్తనాళాలకు పెట్టే పొడుగు స్టెంటు, మోకాలు మడిచినప్పుడల్లా మెలి తిరుగుతుంది. "వదినా, తీరిక దొరికినప్పుడు ఒకసారి చూస్తావా?" అన్నాడు భోంచేస్తూ.

సుధారాణి పప్పు గిన్నె కింద పెట్టి, తనూ ఒక పళ్లెం వేసుకొని వాళ్ల ఎదురుగా కూర్చుంది.

"తీరిక ఎప్పుడూ దొరకదు హర్షా. మంగళవారం, శుక్రవారం నేనే పులివెందులకు వస్తా. మీ ల్యాబులో నాకొక బల్ల, కంప్యూటరు ఉండల్ల. ఆ రెండు రోజులు ఆ పనే చేస్తా, ఆడనే చేస్తా."

"మరి షాపు?" అన్నాడు సురేంద్ర. "ఇంట్లో వంట?"

"అది మీరు మాట్లాడుకోండి బావా. నాకు అది తట్టల్యా" అని ఆమె అన్నం కలుపుకుంది.

సురేంద్ర తల్లి వైపు చూశాడు. వనజమ్మ మజ్జిగ పోసుకుంటూ, "నా తట్టు ఏం చూస్తావప్పా, అన్నం వండేది ఎవరికైనా వస్తాది" అంది.

మంగళవారం పొద్దున ఏడున్నరకు సుధారాణి పులివెందుల బస్సు ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో బ్యాగు, బ్యాగులో మోకాలి బొమ్మలు. దారిలో ఒకసారి చూసుకోవాలనుకుంది. బ్యాగు జిప్పు సగం తీసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది, బస్సు ఎర్రగుంట్ల చేరేలోపే ఆమె నిద్రపోయింది. ఎవరూ పిలవలేదు.